సుళ్లు సరే, కీళ్లు చూశారా? చిన్న వయసు గుర్రం కొనేముందు చేయాల్సిన పరీక్షలు, తీసుకోవాల్సిన నిర్ణయాలు

గుర్రం కొనడానికి వెళ్తే మనవాళ్లు చాలామంది ముందుగా చూసేది సుళ్లు. నుదుటి మీద ఎన్ని ఉన్నాయి, మెడ మీద ఏ వైపు తిరిగాయి, ఎదలో ఉందా లేదా. ఆ తర్వాత రంగు, ఎత్తు, చెవుల వంపు. సుడి నచ్చకపోతే ధర సగానికి దించినా వద్దంటారు. అదే గుర్రానికి వెనక కాలి కీలు దగ్గర నిమ్మకాయంత వాపు కనిపిస్తే, "కట్టేసి ఉంచాం సార్, నాలుగు రోజులు తిప్పితే దిగిపోతుంది" అన్న మాటకు తలూపి అడ్వాన్సు ఇచ్చేస్తారు.

నేనూ ఇచ్చాను. ఏడాదిన్నర వయసున్న థరోబ్రెడ్ (పందెం గుర్రాల జాతి) మగపిల్ల. నడక బంగారం. వెనక రెండు కాళ్లకీ మెత్తటి వాపు ఉంది, కుంటు లేదు. ఎక్స్‌రే తీయించకుండానే తెచ్చుకున్నాను. జీను అలవాటు చేసి మెల్లగా పని మొదలుపెట్టిన మూడో నెలలో ఎడమ వెనక కాలు ఈడ్చడం మొదలైంది. అప్పుడు తీయించిన ఎక్స్‌రేలో తేలింది: నేను చూసిన ఆ వాపుల కింద ఉన్నవి చిన్న ముక్కలు, వాటితో బతికేయొచ్చు. అసలు దెబ్బ పైన తొడ చివరి కీలులో ఉంది. నాలుగు సెంటీమీటర్లకు మించిన గాయం. అక్కడ నేను చెయ్యి కూడా పెట్టి చూడలేదు.

అందుకే ఈ వ్యాసం. ఎదిగే వయసులో కీలు లోపల ముక్క లేచే ఈ జబ్బు "ఉందా, లేదా" అన్నది ఒక్కటే ప్రశ్న కాదు. ఏ కీలులో ఉంది, ఎంత ఉంది, గుర్రానికి ఎంత వయసు, దానితో మీరు చేయించబోయే పని ఏమిటి అన్న నాలుగూ కలిపి అడగాలి. ఎక్స్‌రేలో మచ్చ ఉందని మంచి గుర్రాన్ని వదులుకున్నవాళ్లనూ చూశాను, కుంటడం లేదు కదా అని మునిగినవాళ్లనూ చూశాను.

ముందు జబ్బు సంగతి

దీన్ని గుర్రాల డాక్టర్లు ఓసీడీ అంటారు. మనసుకు సంబంధించిన ఓసీడీకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఇది ఆస్టియోకాండ్రైటిస్ డిసెకాన్స్ అన్న పెద్ద పేరుకు పొట్టి రూపం.

పుట్టినప్పుడు గుర్రప్పిల్ల ఎముకల చివర్లలో మృదులాస్థి మందంగా ఉంటుంది. పిల్ల పెరుగుతున్నకొద్దీ అది లోపలి నుంచి గట్టిపడి ఎముకగా మారుతుంది. ఆ దశలో మృదులాస్థికి సన్నటి నాళాల ద్వారా రక్తం అందుతూ ఉంటుంది. ఏదో ఒకచోట ఆ రక్తం ఆగిపోతే, అక్కడి మృదులాస్థి చచ్చుబడి, ఎముక కాలేక మెత్తగా మిగిలిపోతుంది. దాని మీద బరువు పడి పగులు పైకి పాకితే ముక్క లేస్తుంది. ఆ ముక్క కీలులో రాపిడి పెడితే కీలు నీరు పడుతుంది. కొన్నిచోట్ల ముక్క లేవకుండా ఎముకలోకి గుంత పడుతుంది. దాన్ని సిస్ట్ అంటారు.

కారణం ఒక్కటి కాదు. వంశం, చాలా వేగంగా పెరగడం, పిండిపదార్థం ఎక్కువైన దాణా, రాగి లోపం, కాల్షియం ఫాస్ఫరస్‌ల తూకం చెడటం అన్నీ కలిసి పనిచేస్తాయి. యూరప్ స్వారీ గుర్రాల జాతులైన వార్మ్‌బ్లడ్‌లలోనూ, బండి పరుగు పందేల స్టాండర్డ్‌బ్రెడ్‌లలోనూ ఇది బాగా ఎక్కువ. థరోబ్రెడ్‌లలోనూ తరచుగా కనిపిస్తుంది. పోనీల్లో, స్వేచ్ఛగా తిరిగే గుర్రాల్లో అరుదు. నెదర్లాండ్స్‌లో వార్మ్‌బ్లడ్ సంఘం కేడబ్ల్యూపీఎన్ విత్తన గుర్రాన్ని ఆమోదించే ముందు దాని కీళ్ల ఎక్స్‌రేలు చూస్తుంది. వంశంలో ఈ జబ్బు పాకుతుందని వాళ్లకు అంత గట్టి నమ్మకం.

మన దగ్గర ఇది ఎవరికి తగులుతుందంటే, పందెం లాయాల నుంచి చిన్న వయసులోనే బయటికొచ్చిన థరోబ్రెడ్‌ను రైడింగ్ కోసం కొనేవాళ్లకు. హైదరాబాద్ చుట్టుపక్కల రైడింగ్ నేర్పే లాయాల్లో అలాంటి గుర్రాలే ఎక్కువ. రాజస్థాన్‌లోని పుష్కర్, మహారాష్ట్రలోని సారంగఖేడా సంతలకు వెళ్లి మార్వాడీ, కాఠియావాడీ పిల్లల్ని తెచ్చుకునేవాళ్లూ ఇప్పుడు పెరిగారు. సంతకు తెచ్చే పిల్లల్ని ఎత్తు కోసం, మెరుపు కోసం బాగా మేపుతారు. ఏ జాతి అయినా, వేగంగా పెంచిన పిల్ల అంటే కీళ్లు చూడాల్సిందే.

మొదటి అడుగు: పనినీ వయసునూ తేల్చుకోండి

గుర్రం దగ్గరికి వెళ్లకముందే కాగితం మీద రాసుకోండి: దీన్ని ఏం చేయిస్తాను? జంపింగా, ఎండ్యూరెన్సా (దూరపు స్వారీ పోటీలు), పిల్లలకు నేర్పడానికా, ఈనికకా? ఒకే ఎక్స్‌రేకు ఈ నాలుగింటికీ నాలుగు జవాబులు వస్తాయి.

ఇక వయసు. సంతలో చెప్పే వయసును నమ్మకుండా పళ్లు చూడండి. ముందు వరసలో మధ్య జత పాలపళ్లు ఊడి అసలు పళ్లు వచ్చేది రెండున్నరేళ్లకు. పక్క జత మూడున్నరకు, చివరి జత నాలుగున్నరకు. అన్నీ పాలపళ్లే ఉన్న గుర్రాన్ని "మూడేళ్లు నిండింది, ఎక్కొచ్చు" అంటే అక్కడికక్కడే తెలిసిపోతుంది.

వయసు ఎందుకు ముఖ్యమంటే, ఈ గాయాలు కొన్ని వాటంతట అవే మానిపోతాయి. డచ్ పరిశోధకులు పిల్లల్ని నెల వయసు నుంచీ నెల నెలా ఎక్స్‌రే తీస్తూ గమనించారు. వెనక కాలి మధ్య కీలులో దాదాపు 5 నెలల వయసుకు ఏది ఉంటుందో ఏది పోతుందో తేలిపోతుంది. తొడ చివరి కీలుకు దాదాపు 8 నెలలు పడుతుంది. కాబట్టి 6 నెలల పిల్లను కొంటుంటే, తొడ చివరి కీలులో కనిపించిన మచ్చను ఆఖరి మాటగా తీసుకోవద్దు. శుభ్రంగా ఉందని సంబరపడొద్దు కూడా. ఏడాది దాటాక తీసిన ఎక్స్‌రేను నమ్మొచ్చు.

రెండో అడుగు: చేతితో చూడటం

చెప్పకుండా పొద్దున్నే వెళ్లండి. గుర్రాన్ని ఇంకా బయటికి తీయకముందు, లాయంలో నిలబడి ఉన్నప్పుడు చూడాలి. ముందురోజు ఫోన్ చేసి వెళ్తే, మీరు వచ్చేసరికి గంటసేపు నడిపించి, కాళ్లకు చల్లనీళ్లు పట్టి ఉంచుతారు.

సైస్‌ను, అంటే గుర్రాన్ని చూసుకునే మనిషిని, మీరు నిలబడ్డ వైపే పగ్గం పట్టుకోమనండి. తుంటికి ఆనుకుని నిలబడండి. చిన్న గుర్రం తన్నుతుంది.

వెనక కాలు మధ్యలో వెనక్కి పొడుచుకొచ్చిన కీలును హాక్ అంటారు, మన మడమకు సమానం. బొటనవేలు కీలు ముందర, లోపలివైపు ఉబ్బు మీద పెట్టండి. మిగతా వేళ్లను వెనకకు తిప్పి, బయటివైపు గుంతలో ఉంచండి. ఇప్పుడు బొటనవేలితో నొక్కండి. నీళ్లు నింపిన ప్లాస్టిక్ సంచిని ఒకవైపు నొక్కితే రెండోవైపు పొంగినట్టు, వెనక వేళ్ల కింద ఉబ్బు లేస్తే ఆ నీరు కీలు లోపలిది. ఇంకాస్త పైన, పెద్ద నరానికి (డాక్టర్ల మాటలో టెండన్) ముందు, ఇటు నొక్కితే అటు పొంగే వాపు ఇంకొకటి ఉంటుంది. అది కీలుది కాదు, నరం చుట్టూ ఉన్న తొడుగుది, దాన్ని థరోపిన్ అంటారు. ఈ రెంటినీ కలిపేసి భయపడేవాళ్లూ, కలిపేసి ధైర్యం చెప్పేవాళ్లూ ఇద్దరూ ఉన్నారు.

తర్వాత పైకి రండి. పొట్ట చివర, తొడ కింద ఉండే కీలు స్టైఫిల్. మన మోకాలికి సమానం. నేను చూడకుండా వదిలేసింది ఇదే. మోకాలి చిప్ప కింద మూడు గట్టి తాళ్లలాంటి బంధకాలు వేళ్లకు విడివిడిగా తగలాలి. అవి మెత్తటి దిండు కింద పోయినట్టు మసకగా తగిలితే లోపల నీరుంది. రెండు కాళ్లూ పోల్చండి. అయితే ఈ జబ్బు చాలాసార్లు రెండువైపులా ఒకేలా వస్తుంది కాబట్టి, "రెండూ సమానంగానే ఉన్నాయి" అంటే బాగున్నట్టు కాదు.

డెక్కకు పైనున్న ఫెట్లాక్ కీళ్లు నాలుగింటినీ వంచి చూడండి. ముందు కాళ్ల డెక్కలు పక్కపక్కనే పెట్టి చూడండి. ఒకటి చిన్నగా, నిలువుగా పెరిగి, అదే వైపు భుజం కండ కాస్త తగ్గి కనిపిస్తే భుజం కీలు మీద అనుమానం పెట్టుకోండి. కీళ్ల దగ్గర వెంట్రుకలు చిన్న చతురస్రంలా కత్తిరించి ఉన్నాయేమో కూడా చూడండి. ఈ మధ్యే ఇంజెక్షన్ ఇచ్చారేమో అడగాల్సిన చోటు అది.

మూడో అడుగు: నడిపించి చూడటం

గట్టి నేల మీద, వదులు పగ్గంతో, నేరుగా వెళ్లి రమ్మనండి. మొదట నడక, తర్వాత ట్రాట్ (నెమ్మది పరుగు). ముందు కాలు నొప్పైతే మంచి కాలు నేలకు ఆనినప్పుడు తల కిందికి వంగుతుంది. వెనక కాలు నొప్పైతే ఆ వైపు తుంటి ఎక్కువగా పైకీ కిందికీ ఆడుతుంది. కంటికి అందకపోతే రెండు తుంటి ఎముకల మీదా చిన్న తెల్ల టేపు ముక్కలు అంటించి, ఫోన్‌లో స్లో మోషన్ తీయండి. ఆ రెండు చుక్కలు ఎంత ఎత్తుకు లేస్తున్నాయో చూస్తే చాలు.

తర్వాత రెండువైపులా గుండ్రంగా తిప్పించండి. ఒక్కో వెనక కాలు నిమిషం సేపు వంచి పట్టి వెంటనే ట్రాట్ చేయించండి. మొదటి రెండు మూడు అడుగులు తేడాగా పడితే పట్టించుకోనక్కర్లేదు, పది అడుగులైనా సర్దుకోకపోతే రాసుకోండి. ఇది డాక్టర్ చేతుల్లోనే జరిగితే మంచిది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్తాను. "అన్నా, గుర్రం కుంటుతలేదు కదా, ఇంకేం చూస్తవ్?" అన్న ప్రశ్న మీకు కచ్చితంగా ఎదురవుతుంది. పని మొదలుకాని పిల్లలు కుంటవు. రెండు కాళ్లలోనూ సమానంగా నొప్పి ఉన్నవి కూడా కుంటవు, అడుగు కాస్త పొట్టిగా వేస్తాయంతే. ఈ జబ్బు బయటపడేది శిక్షణ మొదలయ్యాకే. పైగా నొప్పి మాత్ర వేసిన గుర్రం ఆ రోజుకు కుంటదు. అందుకే డాక్టర్ చేత రక్తం తీయించి, మీ ఇద్దరి సంతకాలతో సీలు వేసి దాచమనండి. తర్వాత గొడవ వస్తే దాన్నే పరీక్షకు పంపొచ్చు. అమ్మేవాడు రక్తం తీయనివ్వనంటే నేను అక్కడితో లేచి వచ్చేస్తాను.

నాలుగో అడుగు: ఎక్స్‌రే

అమ్మేవాళ్ల లాయానికి రోజూ వచ్చే డాక్టర్ కాకుండా, మీరు డబ్బిచ్చే డాక్టర్ తీయాలి. చేత్తో మోసుకెళ్లే యంత్రాలు వచ్చాయి కాబట్టి లాయంలోనే పని అయిపోతుంది.

ఏమేం తీయించాలో మీరే అడగండి. రెండు హాక్‌లు, ఒక్కోదానికి నాలుగు కోణాలు. రెండు స్టైఫిల్‌లు, ఒక్కోదానికి కనీసం మూడు. నాలుగు ఫెట్లాక్‌లు, ఒక్కోదానికి నాలుగు, దాంతోపాటు కీలు వంచి పక్క నుంచి ఒకటి. హాక్‌లో అన్నింటికన్నా ఎక్కువగా ముక్క లేచే చోటు పిక్క ఎముక కింది అంచు మధ్య గట్టు. అది నేరుగా పక్క నుంచి తీస్తే దాక్కుంటుంది, ఏటవాలు కోణంలో బయటపడుతుంది. ఒక్కో కీలుకు ఒకటే కోణం తీసి "క్లియర్" అన్న ఎక్స్‌రేకు విలువ లేదు. అమెరికాలో కెంటకీలోని కీన్‌ల్యాండ్ వేలంలో ఏడాది పిల్లల ఎక్స్‌రేలను కొనేవాళ్ల డాక్టర్లు చూసుకునేలా ఒక గదిలో ఉంచుతారు. ఒక్కో పిల్లకు 30కి పైగా కోణాలుంటాయి. అది చూశాక మన దగ్గర రెండు చిత్రాలతో సరిపెట్టడం ఎంత పొరపాటో నాకు అర్థమైంది.

ప్రతి చిత్రం మీదా తేదీ, ఎడమా కుడా, గుర్రం గుర్తింపు ఉండాలి. మైక్రోచిప్ ఉంటే దాని నంబరు సరిచూడండి. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో కాకుండా ఎక్స్‌రే యంత్రం ఇచ్చే అసలు డైకామ్ ఫైళ్లు తీసుకోండి. రెండో డాక్టర్‌కు చూపించాలంటే అవే కావాలి.

ఐదో అడుగు: ఎక్స్‌రే చదివాక ఏం చేయాలి

నిదానంగా ఆలోచించాల్సిన చోటు ఇదే.

హాక్‌లో ఒక చిన్న ముక్క, వాపు లేదు, కుంటు లేదు. రైడింగ్‌కు, పిల్లలకు నేర్పడానికి నేనైతే కొంటాను, ధర తగ్గించి. వాపు కూడా ఉంటే సన్నటి గొట్టం లోపలికి పంపి ముక్క తీసేయొచ్చు, ఆర్థ్రోస్కోపీ. గుర్రాల్లో ఈ పద్ధతిని ముందుకు తెచ్చినవాళ్లలో కొలరాడో స్టేట్ యూనివర్సిటీకి చెందిన వేన్ మెకిల్‌రైత్ ముఖ్యుడు. హాక్‌లో ముక్క తీసిన గుర్రాల్లో నాలుగింట మూడు దాకా అనుకున్న పనికి తిరిగొచ్చాయి. ముక్క తీశాక కూడా కొద్దిపాటి వాపు కొన్నింటిలో ఉండిపోతుంది. చూడ్డానికే బాగోదు, పనికి అడ్డురాదు.

స్టైఫిల్‌లో తొడ ఎముక బయటి గట్టు మీద గాయమైతే కొలత అడగండి. మెకిల్‌రైత్ బృందం 1992లో ఇలా ఆపరేషన్ చేసిన 161 గుర్రాల ఫలితాలు ప్రచురించింది. మొత్తం మీద 64 శాతం అనుకున్న పనికి వచ్చాయి. విడగొట్టి చూస్తే, గాయం 2 సెంటీమీటర్ల లోపున్నవాటిలో 78 శాతం, 2 నుంచి 4 మధ్యవాటిలో 63 శాతం, 4 దాటినవాటిలో 54 శాతం. పెద్ద గాయమంటే ఆపరేషన్ చేయించినా రెండింట ఒకటే పనికొస్తుందన్నమాట. జంపింగ్ కోసమైతే 4 సెంటీమీటర్లు దాటినదాన్ని వదిలేయండి. నా దగ్గరున్న గుర్రాన్ని ఇప్పుడు ఎవరూ ఎక్కరు. వాడు మా లాయంలోనే ఉన్నాడు, ఉంటాడు కూడా. కానీ కొనేనాడు ఈ అంకెలు నా చేతిలో ఉంటే ఆ డబ్బుతో ఇంకో గుర్రాన్ని తెచ్చుకునేవాణ్ని.

స్టైఫిల్‌లోనే లోపలివైపు బరువు మోసే గుండ్రటి చోట సిస్ట్ ఉంటే కథ వేరు. ఎముక అంచులో కాస్త చదునైనట్టు కనిపిస్తే చాలావరకు ఇబ్బంది రాదు. కీలులోకి తెరుచుకుని లోతుగా దిగిన గుంత అయితే పని పెరిగేకొద్దీ కుంటు తెస్తుంది. సిస్ట్ పొరలో స్టెరాయిడ్ ఇంజెక్షన్, ఎముకకు అడ్డంగా స్క్రూ వేయడం లాంటి వైద్యాలు ఉన్నాయి. అవి చేయించిన గుర్రాన్ని కొంటుంటే, వైద్యం తర్వాత పూర్తి పనిలో ఎన్ని నెలలుందో అడగండి. విశ్రాంతిలో ఉన్న గుర్రం గురించి ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఫెట్లాక్ ముందర గట్టు కాస్త చదునుగా ఉండి ముక్క లేకపోతే చాలావాటికి ఇబ్బంది రాదు. భుజంలో ఉంటే మాత్రం ఎంత అందమైన గుర్రమైనా వద్దు. ఆ కీలులో గాయాలు పెద్దవిగా ఉంటాయి, అరుగుదల త్వరగా వస్తుంది, ఆపరేషన్‌కు కూడా లొంగదు.

ఈనిక కోసం కొంటుంటే, తల్లికీ విత్తన గుర్రానికీ ఇద్దరికీ ఈ జబ్బు ఉన్న జత కట్టొద్దు. గుర్రం కుంటకపోయినా వంశంలో పోతుంది.

ఆరో అడుగు: బేరం, కాగితం

ఆపరేషన్ ఆలోచన ఉంటే, ఆర్థ్రోస్కోపీ చేసే సర్జన్, పెద్ద జంతువుకు మత్తు ఇచ్చి మళ్లీ క్షేమంగా లేపే సౌకర్యం, అక్కడిదాకా రవాణా ఖర్చు ముందే కనుక్కోండి. విశ్రాంతి హాక్‌కు రెండు మూడు నెలలు, స్టైఫిల్‌కు నాలుగు నుంచి ఆరు. ఆ నెలల మేత, సైస్ జీతం కూడా లెక్కలో వేయండి. ధర తగ్గింపు కనీసం ఈ మొత్తానికి సరిపోకపోతే బేరం కుదిరినట్టు కాదు.

మన 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం జంతువు కూడా సరుకే. సరుకు నాణ్యతను చూసుకునే బాధ్యత చాలావరకు కొనేవాడిదే. అందుకే నోటిమాట వద్దు. కాగితం మీద ఉండాల్సినవి: ఇంతకుముందు చేసిన ఆపరేషన్లు, కీళ్లలో ఇచ్చిన ఇంజెక్షన్లు, ఈ పది రోజుల్లో ఇచ్చిన మందులు, ఎక్స్‌రేలు సరిగా లేకపోతే అడ్వాన్సు తిరిగిచ్చే షరతు. రక్తం ఎలాగూ తీయిస్తున్నారు కాబట్టి గ్లాండర్స్ పరీక్ష కూడా చేయించండి. అది మనుషులకూ అంటుకునే జబ్బు, మన దేశంలో ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో ఉంది.

ఇంటికి తెచ్చాక

మన లాయాల్లో గోధుమ తవుడు పెట్టడం పాత అలవాటు. తవుడులో ఫాస్ఫరస్ కాల్షియానికి దాదాపు తొమ్మిది రెట్లు ఉంటుంది. ఎదిగే గుర్రానికి కావాల్సింది దీనికి తలకిందులు: కాల్షియమే ఫాస్ఫరస్‌కు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు. తవుడు తగ్గించి లూసర్న్ గడ్డి పెంచండి. ఉలవలు, బార్లీ, ఓట్స్ ఒక్కసారిగా పెంచకండి. రాగి ఉన్న ఖనిజ మిశ్రమం డాక్టర్ చెప్పిన మోతాదులో ఇవ్వండి. చూడి గుర్రం ఉంటే చివరి నెలల్లో తల్లికే రాగి అందాలి. గుర్రం పాలలో రాగి తక్కువ, పిల్ల తన కాలేయంలో నిలవ చేసుకునేది కడుపులో ఉన్నప్పుడే.

రోజంతా కట్టేసి సాయంత్రం ఒక్కసారిగా పరుగెత్తించడం, చిన్న వలయంలో గంటలకొద్దీ తిప్పడం మానేయండి. పిల్లను మైదానంలో వదలండి, దానికి తోచినట్టు తిరగనివ్వండి.

గోడకు ఒక పాత నోట్‌బుక్ వేలాడదీయండి. వారానికోసారి, లాయంలోంచి బయటికి తీయకముందే, బొటనవేలు హాక్ ముందర, వేళ్లు వెనక పెట్టి నొక్కండి. తర్వాత స్టైఫిల్‌లో మూడు తాళ్లు విడివిడిగా తగులుతున్నాయో లేదో చూడండి. తేదీ వేసి ఎడమ, కుడి రాయండి. జీను వేయడం మొదలుపెట్టాక మొదటి మూడు నెలలు రెండు రోజులకోసారి రాయండి. వాపు పెరిగిందంటే పని ఆపి డాక్టర్‌ను పిలవండి, కొన్నప్పుడు తీయించిన ఎక్స్‌రే ఫైళ్లు కూడా ఆయన ముందు పెట్టండి.